బాత్రూమ్‌కి వెళ్లొచ్చా, సెన్యోరా?

అమెరికాలో స్పానిష్ రెండు రకాలు. ఒకటి బడిలో నేర్చుకునేది, రెండోది ఇంట్లోంచి తెచ్చుకునేది. మొదటిదానికి మార్కులు, క్రెడిట్లు, గది నిండా రంగుకాగితాల తోరణాలు. రెండోదానికి ఒక ఫారం, ఏటా ఒక పరీక్ష. ఈ రెండూ ఒకే భాష అన్న సంగతి పిల్లల చెవిన పడకుండా కాపాడుకు రావడంలోనే ఉంది మిడిల్ స్కూల్ వారి నేర్పంతా.

టెక్సస్‌నే తీసుకోండి. ఆరో తరగతిలో చాలా బళ్లు స్పానిష్‌ని సంతలో బెల్లం ముక్కలా రుచి చూపిస్తాయి. కొన్ని వారాలు స్పానిష్, కొన్ని వారాలు బొమ్మలు, కొన్ని వారాలు నాటకం. నచ్చినవాళ్లు ఏడులోనో ఎనిమిదిలోనో స్పానిష్ వన్ తీసుకుంటారు. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. అందులో హాజరు, క్రోమ్‌బుక్ లాగిన్, ఛార్జర్ మర్చిపోయినవాడి విచారణ పోను మిగిలిందంతా భాషే. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకి స్పానిష్ నేర్పడానికి దాదాపు 30 వారాలు తీసుకుంటుంది. వేరే పని పెట్టకుండా, జీతమిచ్చి, చిన్నచిన్న జట్లుగా కూర్చోబెట్టి నేర్పితే 30 వారాలు. అదీ స్పానిష్ సులువైన భాషల జాబితాలో ఉంది కాబట్టి. పదమూడేళ్ల పిల్లాడైతే ఇదంతా బ్లూకెట్ ఆటకీ లంచ్ గంటకీ మధ్య సాధించెయ్యాలి.

సాధిస్తాడు కూడా. ఏడాది తిరిగేసరికి ఒక వాక్యం నికరంగా వస్తుంది. ప్యూదో ఇర్ అల్ బాన్యో? బాత్రూమ్‌కి వెళ్లొచ్చా? దీన్ని తడుముకోకుండా, మంచి యాసతో, ముఖంలో నిజమైన భావంతో అంటాడు. అవసరం పడి మాట్లాడింది అదొక్కటే మరి. అర్థమయ్యే మాటలు ధారాళంగా చెవిన పడితే భాష దానంతటదే పట్టుబడుతుందని స్టీఫెన్ క్రాషెన్ అనే పండితుడు 1980ల నుంచీ మొత్తుకుంటున్నాడు. ఆ ముక్క స్పానిష్ టీచరు సెన్యోరాకీ తెలుసు. కానీ జిల్లా కార్యాలయం నుంచి వచ్చింది ఆరు గళ్ల క్రియాపట్టిక. యో, తూ, ఎల్, నోసోత్రోస్, వోసోత్రోస్, ఎయోస్. అయిదో గడిలో ఉన్నాయన సముద్రం అవతల స్పెయిన్‌లోనే తిరుగుతాడు. కొన్ని గంటలు కారు నడిపితే వచ్చే మెక్సికోలో ఆయన్ని ఎవరూ పలకరించరు. "ఆ గడి వదిలెయ్యండి" అంటుంది సెన్యోరా. వదిలెయ్యాల్సిన గడితో సహా పట్టిక ఏటా అచ్చవుతూనే ఉంటుంది. గదికి ముప్పై మంది, రోజంతా పీరియడ్ మీద పీరియడ్. ఆవిణ్ణి తిట్టి లాభం లేదు.

వ్యాకరణం అయ్యాక సంస్కృతి. మే 5 వస్తే సింకో దె మాయో, టోపీలు, చిప్స్, సల్సా. అది మెక్సికో స్వాతంత్ర్య దినమని పిల్లల్లో చాలామంది నమ్మకం. నిజానికి అది 1862లో ప్యూబ్లా దగ్గర ఫ్రెంచి సేనని ఓడించిన రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 16. కానీ సెప్టెంబర్‌కి ఇంకా రంగులూ అంకెలూ పూర్తి కావు, పండగ ఎక్కడ చేసేది? నవంబర్లో మృతుల పండగ. ఆ పండగ పేరు మీదే ట్రేడ్‌మార్క్ కావాలని 2013లో డిస్నీ దరఖాస్తు పెట్టి, జనం తిట్టాక వెనక్కి తీసుకుంది. తర్వాత ఆ పండగ మీదే 'కోకో' సినిమా వచ్చింది. ఇప్పుడు సెన్యోరా సెలవు పెట్టిన రోజల్లా మెక్సికో పితృదేవతలు తెర మీద ప్రత్యక్షమై క్లాసుని కాపాడుతున్నారు.

ఇక నామకరణం. మొదటి వారంలో పిల్లలు తలా ఒక స్పానిష్ పేరు ఎంచుకునే ఆనవాయితీ కొన్ని క్లాసుల్లో ఇంకా ఉంది. మన సాయి అక్కడ సాంతియాగో అవుతాడు. ఇంట్లో ఫొటోలు తీసి తాతయ్యకి పంపుతారు. ఇదే రాష్ట్రంలో ఒకప్పుడు టీచర్లు హెసూస్‌ని జెస్సీగా, మరియాని మేరీగా మార్చి హాజరు పిలిచారు. వాళ్ల ఫొటోలు ఎవరూ తీయలేదు.

సాంతియాగో పక్క బెంచీలో ఒక కుర్రాడుంటాడు. వాళ్ల అమ్మా నాన్నా మెక్సికో నుంచి వచ్చారు. వాడు స్పానిష్‌లో కల కంటాడు, పోట్లాడతాడు, అమ్మకి బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ దుబాసీ పని చేస్తాడు. క్లాసులో వాడికి బి వస్తుంది. నాన్న నడిపే బండిని ఇంట్లో అన్నట్టే 'త్రోకా' అని రాశాడు. టెక్సస్‌లో ఇళ్లు కట్టే చోటల్లా వినిపించే మాటే, పుస్తకంలో లేదు. ఎర్ర సిరా గీత, పక్కన "మైనస్ 2". పైగా నొక్కుగుర్తులు మరిచాడు. సాంతియాగో నొక్కుగుర్తులన్నీ పెట్టాడు, ఏ తెచ్చుకున్నాడు. వాణ్ణి ఒక్క ముక్క మాట్లాడమంటే మాత్రం బాత్రూమ్‌కి వెళ్లొస్తానంటాడు.

మనవాళ్ల సంగతికొస్తే, బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయమని ఒక ఫారం ఇస్తారు. సంభాషణ ఇలా సాగుతుంది.

"అక్కా, ఇంట్లో భాష అని అడుగుతున్నారు. తెలుగు అని రాసెయ్యనా?"

"పొరపాటున కూడా రాయకు! ఇంగ్లీష్ రానివాళ్ల ఈఎస్‌ఎల్ క్లాసులో పడేస్తారు. ఇంగ్లీష్ అని పెట్టెయ్."

పెట్టేస్తారు. కొన్నేళ్లకి పిల్లాడు ఆ ఫారాన్ని నిజం చేసి చూపిస్తాడు. అప్పుడు మళ్లీ ఫోను.

"అక్కా, ఫ్రెంచా, స్పానిషా?"

"స్పానిషే. ఈజీ ఏ. ఎనిమిదిలోనే హైస్కూల్ క్రెడిట్ వచ్చేస్తే తర్వాత ఏపీ కోర్సులకి చోటు దొరుకుతుంది."

ఉన్న భాషని ఫారంలో కొట్టేసి, లేని భాషకి క్రెడిట్ కొనుక్కోవడంలో మనల్ని మించినవాళ్లు లేరు. ఆదివారం తాతయ్య వీడియోలో పలకరిస్తే మనవడు "హాయ్ తాతా" తర్వాత "బై తాతా" అంటాడు. ఆ పెద్దాయన స్పానిష్ నేర్చుకుని ఉంటే కనీసం బాత్రూమ్ విషయమైనా మాట్లాడుకునేవాళ్లు.

పక్క బెంచీ కుర్రాడి తల్లి ఫారంలో నిజం రాసింది. అందుకే వాడికి ఏటా ఇంగ్లీష్ పరీక్ష. తాతల కాలంతో పోలిస్తే వాడి పని నయమే అనుకోండి. పశ్చిమ టెక్సస్‌లో మార్ఫా అని ఒక ఊరుంది. అక్కడి బ్లాక్‌వెల్ స్కూలు మెక్సికన్ పిల్లల కోసం విడిగా నడిపిన బడి. స్పానిష్ మాట్లాడితే చెక్కబద్దతో వడ్డించేవారు. 1954లో పిల్లల చేత స్పానిష్ మాట్లాడబోమని చీటీల మీద రాయించి, పెట్టెలో వేసి, బడి ఆవరణలోనే గొయ్యి తీసి పాతిపెట్టించారు. 'మిస్టర్ స్పానిష్' అంత్యక్రియలన్నమాట. 2022లో ఆ బడిని జాతీయ చారిత్రక స్థలం చేసే చట్టం వచ్చింది. స్పానిష్ వన్ పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్లడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

అది పాత ముచ్చట, ఇప్పుడు మారిపోయాం అంటారా? 1998లో కాలిఫోర్నియా ఓటర్లు 61 శాతం ఓట్లతో, వలస పిల్లలకి ఇంటి భాషలో పాఠాలు చెప్పే బళ్లకి దాదాపు తాళం వేశారు. 2016లో వాళ్లే ఆ తాళం తీశారు. పేద పిల్లలకి అడ్డమైన ద్విభాషా చదువు, ఈలోగా మధ్యతరగతి పిల్లలకి మెదడు పెంచే టానిక్ అయింది. ఇంట్లో ఇంగ్లీషు తప్ప మరోటి లేని తల్లిదండ్రులు ఇప్పుడు స్పానిష్ ఇమ్మర్షన్ సీట్ల కోసం క్యూ కడుతున్నారు.

ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకి పైగా ఉన్న దేశం ఇది. 2025 జనవరిలో వైట్‌హౌస్ వెబ్‌సైటు నుంచి స్పానిష్ పేజీలు మాయమయ్యాయి. మార్చి 1న ఇంగ్లీషే అధికార భాష అని అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఆ వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక జడ్జి, జాతి, స్పానిష్ లేదా యాస ఇంగ్లీషు మాట్లాడటం, నిలబడిన చోటు, చేసే పని, ఈ నాలుగింటిని మాత్రమే చూసి మనుషుల్ని ఆపకూడదని వలస అధికారులకి చెప్పింది. సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది. అంటే స్పానిష్ పరిజ్ఞానాన్ని ఇప్పుడు రెండు ప్రభుత్వ వ్యవస్థలు మదింపు వేస్తున్నాయి. ఒకటి సెమిస్టర్ చివర్లో, ఒకటి బస్టాపులో. రెండో పరీక్షలో నొక్కుగుర్తులు ఎవరూ చూడరు. ఉచ్చారణ ఎంత బాగుంటే అంత ప్రమాదం. ఆ లెక్కన మన సాంతియాగోకి వాడి ఉచ్చారణే శ్రీరామరక్ష, ఒంటి రంగు సంగతి మాత్రం చెప్పలేం.

ఇంత భయం ఎందుకు అనుకునే తల్లిదండ్రులకి టెక్సస్ చట్టం ఒక దారి చూపించింది. హైస్కూల్ పట్టాకి కావలసిన రెండు అన్యభాషా క్రెడిట్లని కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కోర్సులతో కూడా పూర్తి చేసుకోవచ్చు. అక్కకి ఇంకా తెలిసినట్టు లేదు, తెలిస్తే ఈపాటికి వాట్సాప్‌లో పెట్టేసేది. జావాకి యాస లేదు, పైథాన్ ఏ ఇంట్లోనూ మాట్లాడరు కాబట్టి ఫారంలో అడగరు, అది వచ్చినందుకు బస్టాపులో ఎవరూ ఆపి కాగితాలు చూపించమనరు. పైగా హెచ్1బికి పనికొస్తుంది.