చూడొచ్చు, పోల్చకూడదు

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 2003లో తన విద్యార్థులకు ఒక మహోపకారం తలపెట్టింది. ఏ కోర్సు ఎలా ఉంది, ఏ ప్రొఫెసర్ ఎలా చెబుతారు అన్నదానిపై పాత బ్యాచ్‌లు వేసిన మార్కులను, రాసిన వ్యాఖ్యలను ఆన్‌లైన్‌లో చూసుకోనిచ్చింది. కావలసిందల్లా ఓపిక. ఒక కోర్సు తెరిచి, చదివి, మూసి, ఇంకోటి తెరవాలి. అప్పట్లో సెమిస్టర్ మొదట్లో నచ్చిన క్లాసులో కూర్చుని చూసే ‘షాపింగ్ పీరియడ్’ ఉండేది. అది ముగిసేలోగా ఇలా కోర్సులన్నీ తిరగేస్తే కుర్రాళ్లకు సహనం అలవడుతుందని పెద్దల ఆలోచన కాబోలు. ఈ శిక్షణకు కవల సోదరులైన ఇద్దరు విద్యార్థులు అడ్డొచ్చారు. కోర్సులు, వేళలు, రేటింగులు ఒకే చోట పెట్టి, ఏది బాగుందో, దేనికి చాకిరీ ఎక్కువో పోల్చి చూపే సైట్ కట్టారు. 2014 జనవరిలో, సరిగ్గా కోర్సులు ఎంచుకునే రోజుల్లోనే, యేల్ తన నెట్‌వర్క్‌లో దాన్ని ఆపేసింది. తెరవబోయినవాళ్లకు హానికర కార్యకలాపం అన్న హెచ్చరిక ఎదురైంది.

హాని ఎవరికి? సైట్‌లోని అంకెలు దొంగ అంకెలు కావు, యేల్ సొంత అంకెలే. వాటిని వేసింది విద్యార్థులే, చూస్తున్నదీ విద్యార్థులే. కొత్తగా జరిగిందల్లా విడివిడిగా ఉన్నవి పక్కపక్కన చేరడం. విస్తరి వేసి పదిరకాలు వడ్డించి, ఏ కూర బాగుందో మాత్రం పైకి అనకూడదన్నట్టుంది వ్యవహారం. పోనీ, విద్యార్థులు కోడ్ రాయడమే ఆ సంస్థకు గిట్టదా అంటే అదీ కాదు. అంతకుముందు ఇద్దరు విద్యార్థులు కట్టిన కోర్సుల సైట్‌ని యేలే కొనుక్కుని తనదిగా చేసుకుంది. అంటే కొన్నది ఆవిష్కరణ, కొననిది అపాయం.

విశ్వవిద్యాలయం వాదన కూడా వినాలి. మొదటిది, అనుమతి లేకుండా యేల్ పేరు వాడారట. అలాగైతే పేరు మార్చమంటే సరిపోతుంది. బోర్డు తప్పుందని దుకాణానికి తాళం వేయడమెందుకు? రెండోది, చూడకూడని వాళ్ల కళ్లలో ఈ సమాచారం పడొచ్చట. ఇది నిజంగా ఆలోచించవలసిన మాటే. అధ్యాపకులు ఒప్పుకున్నది తమ విద్యార్థులు చూడటానికి, ఊరంతా చూడటానికి కాదు. మూడోదే అసలైనది: వ్యాఖ్యలు చదవకుండా సగటు అంకె చూసి కోర్సు ఎంచుకుంటే చదువు లోతు పోతుందట. మంచి మాట. కానీ ఆ అంకెలు వేయమని ఫారం ఇచ్చిందెవరు? అడ్మిషన్ల వేళ కుర్రాళ్ల పన్నెండేళ్ల చదువుని జీపీఏలోకి, శాట్ స్కోరులోకి కుదించి చూడటంలో విశ్వవిద్యాలయాలకు ఏ లోతూ అడ్డురాలేదు. అంకెలు మనుషుల్ని తూచలేవన్న జ్ఞానోదయం, తక్కెడలో ప్రొఫెసర్లు కూర్చున్నప్పుడే కలిగింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. కొద్దిరోజుల్లోనే మరో విద్యార్థి క్రోమ్ బ్రౌజర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ రాశాడు. దానికి సొంత సర్వర్ లేదు, అది ఏ సమాచారాన్నీ దాచుకోదు. లాగిన్ అయిన విద్యార్థి యేల్ పేజీ తెరిస్తే, అదే యేల్ ఇచ్చే అంకెల్ని అతని తెరమీదే సర్ది చూపిస్తుంది. దాంతో బయటివాళ్లు చూస్తారన్న వాదన పోయింది, ఆపడానికి సైటే లేకపోయింది. అప్పటి డీన్ మేరీ మిల్లర్ బహిరంగ లేఖ రాస్తూ, తాము మరికొంత ఓర్పు చూపి ఉండవలసిందని ఒప్పుకున్నారు. సహనం ఎవరికి అలవడాలో అక్కడ తేలింది.

ఇలాంటి పరికరాలన్నీ నిర్దోషులని చెప్పడం లేదు. కోర్సులో ఖాళీ అయిన సీటు కోసం నిమిష నిమిషానికీ రిజిస్ట్రేషన్ సర్వర్‌ని తట్టే ప్రోగ్రాములుంటాయి. అవి ఎక్కువైతే సర్వర్‌కి భారమే, వాటిని కొనలేనివాడికి అన్యాయమే. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సీటు ఖాళీ అవగానే కబురు పంపే సైట్ కట్టిన విద్యార్థిని ప్రొబేషన్‌లో పెట్టారు. కానీ సీటు ఖాళీ అయిందన్న సంగతి అందరికంటే ముందు తెలిసేది విశ్వవిద్యాలయానికే. అదే అందరికీ ఒకేసారి మెసేజ్ పంపితే తట్టేవాడికి పనుండదు, అమ్మేవాడికి బేరముండదు. కోర్సుల సమాచారాన్ని లాగిన్ వెనకే ఉంచి, ప్రోగ్రాములు చదువుకోగల రూపంలో తనే ఇస్తే దొంగచాటుగా తోడుకునే అవసరమూ రాదు. నిషేధానికి ఒక్క ఉత్తర్వు చాలు, ఈ పనికి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని కోడ్ రాయాలి. ఆ చిక్కు కూడా తీరినట్టే. రాయగలవాళ్లు క్యాంపస్‌లోనే ఉన్నారు, పైగా ఫీజు కూడా వాళ్లే కడుతున్నారు.