సంతకం పెట్టండి, కౌన్సెలింగ్ అయిపోయింది!

మన ఆసుపత్రుల్లో ప్రతి రోగికీ కౌన్సెలింగ్ జరుగుతోంది. నమ్మరా? కేస్ షీట్ తిప్పి చూడండి. ‘జబ్బు గురించి, మందుల గురించి, ఆహారం గురించి రోగికి వివరించడమైనది.’ కింద సంతకం. పక్కన వేలిముద్ర. వివరించిందెవరు? స్టాఫ్ నర్సు. ఎప్పుడు? అదొక్కటీ అడక్కండి.

వార్డులోకి రండి. డిశ్చార్జి వేళ. బల్ల ముందు ఓ పెద్దాయన, చేతిలో ఇన్సులిన్ సీసా. ‘‘తాతా, పొద్దున పది పాయింట్లు, రాత్రి ఆరు. తిండికి ముందు. ఫ్రిజ్‌లో పెట్టుకో’’ అంటోంది సిస్టరు, తలెత్తకుండా. తలెత్తితే రిజిస్టరు ఆగిపోతుంది. ఈలోగా పదకొండో బెడ్డుకు సెలైన్ అయిపోయిందని ఒకరి కేక. డాక్టరుగారు రౌండ్స్‌కు వస్తున్నారని ఇంకొకరి కేక. ‘‘మా ఇంట్ల ఫ్రిజ్ లేదు బిడ్డా’’ అని తాత గొణిగాడు. ఎవరికి వినపడింది?

ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక పోసిన కుండలో, సీసా తడవకుండా పెట్టుకోవచ్చు. పొడిచిన చోటే పొడిస్తే గడ్డ కడుతుంది. చెమటలు పట్టి చేతులు వణికితే షుగర్ పడిపోయినట్టే, గబుక్కున చక్కెర నోట్లో వేసుకోవాలి. ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. చెప్పాలంటే పావుగంట కావాలి. ఆ పావుగంట ఆమెకు ఇచ్చిన మొనగాడెవడు?

తాత చేతికి కాగితం మాత్రం ఇచ్చారు. ఇంగ్లీషులో! బీడీ, టీడీఎస్, ఎస్‌ఓఎస్. ఎస్‌ఓఎస్ అని రాసిన, అంటే నొప్పి వస్తేనే వేసుకోవాల్సిన మాత్రను ఆయన రోజూ భక్తిగా మింగుతాడు. కిడ్నీలు పాడైతే? చెప్పిన మాట వినలేదని తిట్టడానికి మనకు తాత ఉండనే ఉన్నాడు.

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకో నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికో నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. రాత్రి డ్యూటీ వేళ మీ ఊరి పెద్దాసుపత్రికెళ్లి లెక్కపెట్టండి. చేతివేళ్లన్నీ అక్కర్లేదు.

కార్పొరేట్ ఆసుపత్రిలో అలా కాదండోయ్! అక్కడ కౌన్సెలింగ్‌కు ఏసీ గది ఉంది. మెత్తటి కుర్చీ ఉంది. ఎదురుగా చిరునవ్వు ఉంది. చెప్పేది జబ్బు సంగతనుకున్నారా? ప్యాకేజీ సంగతి! డిపాజిట్ ఎంత, ఇన్సూరెన్స్ ఎంతవరకు, మిగతాది ఎప్పటిలోగా కట్టాలి... ఓపిగ్గా, తేట తెలుగులో, మూడేసి సార్లు చెబుతారు. చూశారా, మనసు పెడితే ఎంత చక్కగా అర్థమయ్యేలా చెప్పగలరో!

ఇక కాన్పుల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటులో 63 శాతం దాకా. ప్రభుత్వ, ప్రైవేటు కలిపి దేశ సగటు 21.5. తెలుగు ఆడపిల్లలకు మాత్రమే కాన్పు చేతకాకుండా పోయిందా? ముహూర్తం పంతులు పెట్టాడు. థియేటర్ ఎప్పుడు ఖాళీయో డాక్టరు చెప్పాడు. కోత వల్ల లాభమేంటి, నష్టమేంటి, ఆగి చూడొచ్చా అని ఆ పిల్లకు కూర్చోబెట్టి చెప్పిందెవరు? నెలనెలా బీపీ చూసిన నర్సు చెప్పగలదు. ‘‘నార్మల్ అవుతుందేమో చూద్దామమ్మా’’ అని ఆవిడ నోరు జారితే, మర్నాడు డ్యూటీ చార్టులో పేరుంటుందా? పోనీ, జీతమైనా సరిగా ఉందా? 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, ఎంత చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000కు తగ్గకూడదంది. ఆ సిఫారసు ఏ బీరువాలో గురకపెడుతోందో!

రోగికి కూర్చోబెట్టి వివరించడం మనకు చేతకాకనా? కాదు. హెచ్‌ఐవీ పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలని 2017 చట్టంలోనే రాసుకున్నాం. అందుకు విడిగా కౌన్సెలర్‌ను పెట్టాం. మరి షుగరు, బీపీ ఉన్నవాళ్లు చేసుకున్న పాపమేంటి?

పల్లెల్లో ఏఎన్ఎం పని మాట నుంచి వేలికి మారింది. గర్భిణికో యాప్, టీకాకో యాప్, బీపీ-షుగరుకో యాప్. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని చెప్పడానికి అరనిమిషం. చెప్పినట్టు ఫొటో తీసి, సిగ్నల్ కోసం చెట్టుకింద నిలబడి ఎక్కించడానికి అరగంట. ఎన్ని ఎంట్రీలయ్యాయని పైవాళ్లు సాయంత్రానికల్లా అడుగుతారు. ఎందరికి అర్థమైందని ఏ సాయంత్రమైనా అడిగారా?

మే 12న మాత్రం లోటు చెయ్యరు. నైటింగేల్ పటానికి దండ, నర్సు చేతికో కొవ్వొత్తి, భుజాన ఓ శాలువా. ‘‘మీరు దేవతలు’’ అంటారు మంత్రివర్యులు. దేవతలకు జీతం, వారానికో సెలవు అక్కర్లేదని కాబోలు.

కాబట్టి పాఠక మహాశయా, ‘వివరించడమైనది’ కింద సంతకం అడిగితే పెన్ను పక్కన పెట్టండి. ఏ మందు ఎప్పుడో తెలుగులో రాసివ్వమనండి. సందేహాలన్నీ అడగండి. సిస్టరు విసుక్కుంటే ఆమె మీద విరుచుకుపడకండి, పాపం పొద్దుటి నుంచి నిలబడే ఉంది. ఈ వార్డులో బెడ్లెన్ని, డ్యూటీకి నర్సులెందరు అని సూపరింటెండెంటును కాగితం మీద అడగండి. ప్రభుత్వాసుపత్రయితే సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలకు మించి ఖర్చు కాదు. 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టం.