కుండీకౌముది

మూలము: "జీబ్రా అండి. వారానికోసారి కాసిని నీళ్ళు చాలు. ఏం కాదు."

అవతారిక: కడియము నర్సరీలో ఒక చేత్తో అరచేతియంత నల్ల కుండీని అందించుచు, రెండవ చేత్తో చిల్లర లెక్కపెట్టుచు నర్సరీవారు సెలవిచ్చు సూత్రమిది. దీనిని అపార్థము చేసికొనుటచే ప్రాణము విడిచిన మొక్కలు పెక్కు గలవు కనుక టీక అవసరమైనది.

జీబ్రా = ముదురాకుపచ్చని ఆకుపై తెల్లని పొక్కులు అడ్డచారలుగా తీరిన మొక్క. నామధేయమున వివాదము కలదు. చీటీపై "హవార్థియా ఫాసియాటా" అని ఉండును. దానిని నమ్మరాదు. ఆకు లోపలివైపు గోటితో నిమిరి చూడుడు. నున్నగా ఉన్నచో ఫాసియాటా. అక్కడను పొక్కులు తగిలినచో అటెన్యువాటా. అంగళ్ళలో దొరకునది చాలావరకు రెండవదే. పైగా 2013లో రౌలీ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ రెంటిచేత హవార్థియాప్సిస్ అను ప్రజాతిలో వేరు కాపురము పెట్టించెను. చీటీలకు ఆ కబురింకను అందలేదు. కలబంద పిల్ల యనువారును కలరు. చుట్టరికము నిజమే, కాని కలబందకు ఆకు అంచున ముళ్ళుండును, దీనికి లేవు.

అండి = గోదావరి మర్యాద. వ్యాఖ్య అక్కరలేదు.

వారానికోసారి = పెక్కుమంది జారిపడిన చోటిది. ఆదివారమని పట్టుపట్టి, శ్రావణపు ముసురులోను నీరు పోసి వేళ్ళు కుళ్ళబెట్టినవారు కలరు. ఇచట వారమనగా మట్టి పూర్తిగా ఎండుటకు పట్టు కాలము. చీపురుపుల్లను కుండీ అడుగుదాక దింపి తీసి, తడి అంటినచో ఆగవలెను. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ దీని పుట్టిల్లు. ఆకులలో నీరు దాచుకొని, అది ఆవిరి కాకుండ పగలు ఆకురంధ్రములు మూసికొని, రాత్రి తెఱచి గాలి పీల్చును. ఇంతటి పొదుపరికి రోజూ చెంబెడు నీళ్ళేల?

ఆక్షేపము: ఆకు మెత్తబడినది, దాహమే కదా?

సమాధానము: ముడతపడి పలచనైనచో దాహమే. పసుపెక్కి, నీరుపట్టి, ముట్టుకొన్నంతనే ఊడివచ్చినచో కుళ్ళు.

కాసిని = "కొద్దిగా" అని చెప్పుట పొరపాటు. పోసినప్పుడు అడుగు చిల్లి గుండ కారునట్లే పోసి, పళ్ళెములో నిలిచినది పారబోయవలెను. మట్టిలో సగము ముతక ఇసుకయో పెర్లైటో కలుపవలెను. చిల్లి లేని పింగాణీ కప్పులో నాటిన రసికులకు ఈ టీక వర్తింపదు.

చాలు = నీటికి. వెలుతురుకు కాదు. తూర్పు కిటికీ ఉత్తమము. మే నెల పడమటి ఎండలో ఆకు ఎఱ్ఱబడును. టీవీ వెనుక చీకటిలో పాలిపోయి సాగును.

ఏం కాదు = చావదని సంప్రదాయార్థము. నెలలు గడిచినను ఏమియు జరుగదని అనుభవార్థము. ఎదుగుదల అంత నెమ్మది. ఆకు మొదట తెల్లని దూది వంటిది కనిపించినచో మాత్రము ఏదో అయినట్లే. అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువవలెను.

తాత్పర్యము: పేరు అది కాదు, వారము వారము కాదు, కాసిని కొద్ది కాదు. నీళ్ళు మాత్రము నీళ్ళే.

విశేషము: ఓపికపట్టినచో మొదలు పక్కన పిలకలు లేచును. వేళ్ళతో సహా విడదీసి, తెగినచోటు రెండుమూడు రోజులు ఆరనిచ్చి నాటవలెను. పొరుగువారు పిలక అడిగినచో ఇవ్వవచ్చును. కుండీ మాత్రము వారినే తెచ్చుకొమ్మనవలెను.