గాలిపరుపు బావగారు

ప్రతి బంధువర్గంలోనూ ఒక గాలిపరుపు బావగారు ఉంటారు. వరసకి ఆయన బాబాయి కావచ్చు, తోడల్లుడు కావచ్చు, ఆఫీసులో పక్క సీటు పెద్దమనిషి కావచ్చు. బావగారినైతే నాలుగు మాటలన్నా చెల్లుతుంది కనక ఇక్కడ బావగారనే అనుకుందాం. సంక్రాంతి సెలవులకి గండికోట వెళ్లి టెంట్లు వేసుకుని పడుకుందామని అక్టోబరులో ఎవరో కుర్రాడు ఫ్యామిలీ గ్రూపులో ఒక మాట అంటాడు. మిగతావాళ్లు తలా ఒక బొటనవేలు పెట్టి మర్చిపోతారు. బావగారు ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరుస్తారు. మందం ఎన్ని సెంటీమీటర్లు, బరువు ఎన్ని గ్రాములు, గుడ్డ ఎన్ని డెనియర్లు, వాల్వు ఏ రకం, లోపలి గాలి అరలు నిలువా అడ్డమా, చుడితే నీళ్ల సీసా అంతవుతుందా పప్పుల డబ్బా అంతవుతుందా, అన్నిటికీ తలా ఒక గడి. దీపావళి నాటికి షీటుకి రంగులు కూడా పడతాయి: పచ్చవి పరిశీలనలో ఉన్నవి, ఎర్రవి తిరస్కరించినవి. ఎక్కడ పడుకోబోతున్నాం అన్న గడి మాత్రం అందులో ఎంత వెతికినా దొరకదు. ఈ మనిషి మీద నా అభియోగమంతా ఆ లేని గడి గురించే. లోకంలో ఎక్కడో ఒక పరమ ఘోరమైన రాత్రి ఉంటుంది కదా, బావగారు ఎప్పుడూ దానికే పరుపు కొంటారు.

ముందు ఆయనకి రావలసిన మార్కులు ఆయనకి వేసేద్దాం. టెంట్లో పరుపెందుకు అంటే మనలో చాలామంది మెత్తగా ఉండటానికి అంటాం. బావగారు వేడి నిలవడానికి అంటారు. ఆయన చెప్పిందే ఎక్కువ నిజం. స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా ఒంటి కింద పడ్డ భాగం నలిగి, అందులోని గాలంతా పోయి, ఉన్నా లేనట్టే అవుతుంది. ఇక తెల్లవార్లూ నేల మన వేడిని తాగుతూనే ఉంటుంది. దాన్ని అడ్డుకునే శక్తికి కొలతే ఆర్-వాల్యూ. ఒకప్పుడు ఈ అంకెని ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిలో కొలుచుకునేది, అంచేత ఒకరి నాలుగూ ఇంకొకరి నాలుగూ ఒకటయ్యేవి కావు. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. 35 డిగ్రీల వేడి పలకకీ 5 డిగ్రీల చల్లటి పలకకీ మధ్య గాలి నింపిన మ్యాట్‌ని పెట్టి, వేడి పలక చల్లారకుండా ఉండటానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో చూస్తారు. బావగారు ఈ సంగతి పెళ్లి పంక్తిలో పప్పు వడ్డించే కుర్రాడికి కూడా చెబుతారు. ఆ వెంటనే చరిత్ర: బోయింగ్‌లో ఉద్యోగాలు పోయిన ఇద్దరు ఇంజనీర్లు, జిమ్ లీ, నీల్ ఆండర్సన్, తోటపనిలో మోకాళ్ల కింద వేసుకునే ఫోమ్ దిండు నొక్కితే గాలి వదలడం గమనించి, దానికి గాలి చొరని తొడుగూ ఒక వాల్వూ తగిలించి, తనంతట తాను ఉబ్బే మ్యాట్‌ని తయారుచేశారని, ఆ పని మీదే 1972లో సియాటిల్‌లో కాస్కేడ్ డిజైన్స్ కంపెనీ పుట్టిందని, థర్మరెస్ట్ మ్యాట్ల బ్రాండు వాళ్లదేనని. ఉద్యోగం పోయిన వాళ్లే అంత చేస్తే, ఉద్యోగం చేసుకుంటూ కూడా ఇంత చదువుతున్న మనిషికి ఇంట్లో విలువ లేదేమిటన్నది ఈ కథలో అంతరార్థం.

ఇక సాక్ష్యం. ఆర్-వాల్యూ రెండు లోపుంటే వెచ్చటి రాత్రులకి, రెండు నుంచి నాలుగైతే చలి రాత్రులకి, అయిదున్నర దాటితే మంచు మీద పడకకి అని స్థూలంగా ఒక లెక్కుంది. గండికోటలో పెన్నా లోయ అంచున, పగలంతా ఎండకి కాగిన బండల మధ్య, సంక్రాంతి రాత్రికి ఒక శాలువా కావాలి, తెల్లవారుజామున ఇంకో దుప్పటి కావాలి. అక్కడికి రెండు ధారాళంగా సరిపోతుంది. చింతపల్లి దగ్గర లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబరు జనవరుల్లో ఉష్ణోగ్రత ఒక్క అంకెకి దిగిపోతుంది. అక్కడికి మూడు నాలుగు ఉంటే బెంగ లేదు. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ లాంటి చోట శీతాకాలంలో మంచు మీదే టెంటు, అక్కడ అయిదారు అవసరమే. కానీ మనవాళ్లని అక్కడికి తీసుకెళ్లే ట్రెక్కింగ్ వాళ్లు మ్యాటూ స్లీపింగ్ బ్యాగూ సాధారణంగా తామే ఇస్తారు. ఇన్నీ తెలిసిన బావగారి షీటులో చివరికి పచ్చరంగు మిగుల్చుకున్నది ఏడు దాటిన మ్యాటు. గండికోటలో ఎప్పుడైనా మంచు తుఫాను వస్తే మన వంశంలో బతికి బట్టకట్టేది ఆయనొక్కరే.

గ్రాముల గడిలో ఈ లెక్క ఇంకా విచిత్రంగా నడుస్తుంది. నూటపది గ్రాములు ఎక్కువున్న మ్యాట్‌ని కాదని తేలికైనదాని వైపు మొగ్గడానికి బావగారికి రెండు వారాలు పడుతుంది. కారు డిక్కీ నుంచి టెంటు దాకా నూరడుగుల దూరం. అదే డిక్కీలో పులిహోర బేసిన్, ఆవకాయ జాడీ, రెండు ఫ్లాస్కులు, నాలుగు మడత కుర్చీలు, పాటల డబ్బా, అత్తగారి మందుల సంచి ఉంటాయి. ఆ నూటపది గ్రాముల కోసం ఆయన వదులుకున్నది వెడల్పు. 64 సెంటీమీటర్లది బరువని 51 సెంటీమీటర్లది తీసుకుంటారు. ఇల్లంతా వీపున కట్టుకుని నెలల తరబడి ఒంటరిగా నడిచే అమెరికా పాదయాత్రికుడి కోసం పుట్టిన కొలత అది. అతనికి ప్రతి గ్రామూ లెక్కే. నలభై దాటిన మన గృహస్థు దానిమీద వెల్లకిలా పడుకుంటే మోచేతులు రెండూ నేలమీదే ఉంటాయి. పైగా కాళ్ల వైపు సన్నబడే మమ్మీ ఆకారమైతే, ఒక కాలు మడిచి ఒక కాలు చాపి పడుకునే అలవాటున్న వాళ్లకి ఆ మడిచిన మోకాలికి చోటే లేదు.

దీనికి బావగారి సమాధానం సిద్ధంగా ఉంటుంది: ఎక్కువుంటే నష్టమేమిటి, గొడుగు పట్టుకెళ్లాక వాన రాకపోతే గొడుగు తప్పా? తీసిపారేయదగ్గ వాదన కాదిది. మ్యాట్ తనంతట తాను వేడి పుట్టించదు, పోయేదాన్ని ఆపుతుందంతే. కాబట్టి ఏడు మీద పడుకున్నంత మాత్రాన ఎవరూ ఉడికిపోరు. కానీ నష్టం వేడి వైపునుంచి రాదు. అంత తక్కువ బరువులో అంత ఆర్-వాల్యూ తేవాలంటే కొన్ని మ్యాట్లలో వేడిని వెనక్కి తిప్పే మెరుపు పొరలు పెడతారు. పక్కకి ఒత్తిగిలిన ప్రతిసారీ అవి చిప్స్ పొట్లం నలిపిన చప్పుడు చేస్తాయి. కొత్త మోడళ్లలో ఇది తగ్గింది గానీ బావగారు కొనేది తగ్గింపు ధరలో పాత మోడలు. అసలు పెద్ద నష్టం గాలి నింపేటప్పుడు జరుగుతుంది. ఏడున్నర సెంటీమీటర్ల మందానికి డబ్బిచ్చాక ఆ ఏడున్నరా కళ్లపడాలి కదా, బావగారు డప్పులా మోగేదాకా నింపుతారు. అంత బిగిసిన మ్యాటు మీద ఒళ్లు మడమలు, పిరుదులు, భుజాల దగ్గర మాత్రమే ఆనుతుంది, నడుము గాల్లో ఉంటుంది. మందం ఉన్నది భుజమూ తుంటీ లోపలికి దిగడానికి. అవి దిగాలంటే గాలి తియ్యాలి. మీరు మామూలుగా ఎలా పడుకుంటారో అలాగే, పక్కకైతే పక్కకే, దానిమీద పడుకుని, వాల్వు కొద్దిగా తెరిచి, తుంటి కింద నేల తగలబోతోంది అనిపించే ముందు మూసెయ్యాలి. ఇంత తేలికైన పని ఏ షీటులోనూ ఇమడదు, దానికి గడి లేదు. వెల్లకిలా పడుకునే మనిషికి అయిదు సెంటీమీటర్లు చాలు, పక్కకి పడుకునే మనిషికి ఏడో ఎనిమిదో కావాలి. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం జాబితా అక్కడే ఎర్రబడిపోతుంది. బావగారికి వాల్వుల్లో నాలుగు రకాలు తెలుసు. తను ఏ పక్కకి తిరిగి పడుకుంటారో అడిగితే మాత్రం అక్కయ్య వైపు చూస్తారు.

రాత్రి రెండింటికి ఆయన టార్చిలైటుతో లేస్తారు, మ్యాటు మెత్తబడింది కనక. కన్నం పడిందని ఆయన అనుమానం. సాయంత్రం 30 డిగ్రీల్లో నింపిన గాలి అర్ధరాత్రి 15కి దిగితే దాదాపు అయిదు శాతం ముడుచుకుంటుంది, ఇది ఆయన ఇంటర్‌లో చదువుకున్న ఛార్లెస్ సూత్రమే. మెత్తబడ్డాకే నిజానికి అది హాయిగా తయారైంది. ఆయన మళ్లీ ఊదుతారు. నోటితో ఊదితే తడి ఊపిరి లోపలికి పోయి బూజు పడుతుందని, పంపు సంచీ వాడమని తయారీదార్లే చెబుతారు, ఆయనా అందరికీ చెబుతారు. రెండింటికి చీకట్లో ఆ సంచీ ఎక్కడుందో దొరకదు. నిజంగా కన్నం పడటానికి కారణం కావలసింది మాత్రం గుడారం బయటే కాచుక్కూచుంటుంది. రాయలసీమ బీడులో పల్లేరుకాయ డెనియర్లు చూసి గుచ్చుకోదు. చవకరకం మడత ఫోమ్ షీటు ఒకటి కింద వేస్తే ముల్లు ఆగుతుంది, మ్యాటు టెంటు నున్నటి అడుగు మీద జారకుండా ఉంటుంది, రెండింటి ఆర్-వాల్యూలూ కలిసిపోయి చలికీ పనికొస్తుంది. ఇంత చవగ్గా సమస్య తీరిపోవడం బావగారికి అవమానంగా ఉంటుంది.

ఇక్కడ ఇంకో గొంతు లేస్తుంది, సాధారణంగా పెదనాన్నగారిది: మా రోజుల్లో తుంగచాప పరుచుకుని, మోచెయ్యి తలకింద పెట్టుకుని పడుకోలేదూ, ఈ గాలి వేషాలన్నీ ఎందుకు? బావగారి మీద అభియోగం మోపినవాణ్ణయినా ఈ విషయంలో మాత్రం నేను ఆయన పక్షమే. చాప పరిచింది ఇంట్లో గచ్చు మీదో పందిట్లోనో, ఎక్కువగా వేసవిలో, నేల చల్లగా ఉంటే బాగుండునని కోరుకునే రోజుల్లో. చలికాలం వస్తే ఆ పెదనాన్నగారే బొంత మీద బొంత వేయించుకునేవారు, ఉన్నవాళ్లయితే బూరుగుదూది పరుపు. మంచం కింద గాలి ఆడితే వెన్నుకి చలేస్తుందని నులకమంచం మీద కూడా కింద ఏదో ఒకటి పరుచుకునేవారు. అంటే కిందనుంచి వచ్చే చలి సంగతి పెద్దవాళ్లకి ఏ ప్రమాణం చదవకుండానే తెలుసు. పైగా చాప మీద హాయిగా నిద్రపోయింది ఇరవయ్యేళ్ల నడుము. యాభయ్యేళ్ల నడుముకి కొండమీద, గుడ్డ అడుగున్న టెంట్లో మెత్తని పక్క కావాలనుకోవడం వేషం కాదు. పెదనాన్నగారు ఈ వాదన చేసేది కూడా దివాను మీద, ఫోమ్ పరుపు మీద కూర్చునే.

బావగారి మొత్తం పరిశోధనలో ఒక్క మనిషి మాత్రం ఎక్కడా కనిపించదు, అక్కయ్య. ఆయన చూసిన మ్యాట్లన్నీ ఒంటరి మ్యాట్లు. మన కుటుంబం టెంట్లో పడుకునే తీరు అది కాదు. అక్కయ్య ఒక పక్క, ఆయన ఒక పక్క, నడుమ నాలుగేళ్ల పిల్ల. రెండు సన్నటి మ్యాట్లు పక్కపక్కన వేస్తే అర్ధగంటలో అవి చెరో దిక్కుకీ జరుగుతాయి, మధ్యలో పడే సందులోకి పిల్ల జారుతుంది. ఆర్-వాల్యూ ఏడు మీద తండ్రి, ఏడు మీద తల్లి, సున్నా మీద పిల్ల. అక్కయ్య లేచి, తెచ్చిన దుప్పటి రెండు మ్యాట్లకీ కలిపి కిందినుంచి చుట్టి నాలుగు మూలలా ముడేస్తుంది. అమ్మకానికి ఇందుకోసమే కుట్టిన దుప్పట్లున్నాయి, జత కలిపే పట్టీలున్నాయి, ఇద్దరికి సరిపడే వెడల్పు మ్యాట్లున్నాయి. డబుల్ మ్యాటు అన్న మాట బావగారి జాబితాలో రాకపోవడానికి కారణం అది గ్రాముల గడిలో మొదటి రోజే ఓడిపోవడం.

ఇంతా చేసి ఆయన్ని నడిపించేది పిసినారితనమూ కాదు, డాబూ కాదు. వెళ్లినచోట ఎవరికైనా నిద్ర పట్టకపోతే, బావగారూ మీరు చూశానన్నారు కదా అని ఎవరో ఒకరు అంటారేమోనన్న భయం. ఇంటికి ఫ్రిజ్ కొన్నప్పుడూ ఇదే భయం, ఇంట్లో పెళ్లికి హాలు చూసినప్పుడూ ఇదే. ఆ మాట అనేవాళ్లం మనమే కనక ఆయన్ని మరీ నవ్విపోదగ్గ మనిషిగా చూడటానికి మనకి హక్కు తక్కువ. ఆ పలకల ఉష్ణోగ్రతలు 35, 5 అని ఈ వ్యాసం రాసినవాడికి కంఠతా ఎలా వచ్చాయో కూడా ఎవరూ అడక్కపోతే మంచిది. అయితే ఇంత శ్రమా వృథా పోకుండా చూసుకునే దారి ఒకటుంది. బావగారు మీకేది కొనమంటారో అది కొనకండి. ఆయన చివరిదాకా పరిశీలించి, ఆర్ రెండున్నరేనని, వెడల్పు ఎక్కువని, నూరు గ్రాములు బరువని, ఇది మామూలు రాత్రులకి తప్ప పనికిరాదని మనసు చంపుకుని ఎర్రరంగు వేసిన రెండో మ్యాటు పేరేమిటో అడిగి రాసుకోండి.