దినమునకు రెండువందల లీటర్ల అర్ఘ్యము

మా అనంతపురము జిల్లావారికి ఒక దురభిప్రాయము కలదు: వానలేమి అను విద్యలో తమ్ము మించినవారు భూమండలమున లేరని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వర్షముతో కరవుపీఠము నధిష్ఠించి, ఊరికి మంత్రి వచ్చినప్పుడెల్ల ఆ అంకెను బిరుదువలె చదివి వినిపించుచుండిన నేను, మొన్నటి వేసవిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, ఫీనిక్సు నగరము ప్రక్కనున్న చాండ్లరులో మా మేనల్లుని ఇంట దిగిన మరునాడే ఆ బిరుదును మడిచి పెట్టెలో పెట్టవలసివచ్చెను. ఏలయన అక్కడి వాన ఏడాదికి ఇంచుమించు 200 మిల్లీమీటర్లే. అట్టి ఎడారిలో, కాఫీ గ్లాసుతో పెరటి తలుపు తెరచి చూతును గదా, దేవుడు లేని కోనేరొకటి నిండుగా నిగనిగలాడుచున్నది! ప్రక్కింట ఒకటి, వెనుకింట ఒకటి. విమానము దిగునప్పుడు ఎవరి సంచియో చిరిగి నీలాలు ఊరంతట ఒలికినట్లు తోచినవి ఇవియేనని అప్పుడు తెలిసినది.

సంధ్యవార్చువారు సూర్యునకు మూడు దోసిళ్ళ అర్ఘ్యమిత్తురు. చాండ్లరు గృహస్థు ఆచమనమైన చేయకయే అంతకు వేయిరెట్లు పుణ్యము సంపాదించుచున్నాడు. ఆ ఎండకు, ఆ పొడిగాలికి, కప్పులేని ఈతకొలనులో ఏడాదికి ఇంచుమించు ఆరడుగుల నీరు ఆవిరియగును. మా వాని కొలను 450 చదరపు అడుగులు, సగటు లోతు ఐదడుగులు. అనగా అందు పట్టు నీరు 64,000 లీటర్లైతే, ఏటేట ఆకాశము పుచ్చుకొనునది 76,000 లీటర్లు. మన లెక్కలో చెప్పవలెనన్న ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పదునైదు. దినమునకు రెండువందల లీటర్ల పైచిలుకు అర్ఘ్యము! మంత్రము లేదన్న లోపమే గాని, ఇంతటి సూర్యోపాసకులు అరసవల్లిలో సైతము ఉండరు.

ఈ అర్ఘ్యజలము ఎక్కడిదందురా? ఆ ఊరి కుళాయిలో కొంత సాల్ట్ నదిది, కొంత భూగర్భములోనిది, మరికొంత కొలరాడో నదిది. ఈ మూడవదాని ప్రయాణము వినదగినది. హవాసు సరస్సువద్ద పంపులెక్కి, 336 మైళ్ళ కాలువలో ఎడారికి అడ్డముగా నడచి, టూసాన్ చేరునప్పటికి అది మొత్తము 2,900 అడుగుల ఎత్తునకు తోడబడును; తిరుమల కొండ సముద్రమట్టమునకు ఎంత ఎత్తుననున్నదో ఇంచుమించు అంత. మాకు హంద్రీ–నీవా కాలువలో కృష్ణానీరు ఇట్లే పంపుల మీద ఎక్కి వచ్చును. వచ్చిననాడు పసుపుకుంకుమలు చల్లి కళ్ళకద్దుకొందుము. అక్కడ దానికి క్లోరిను చల్లుదురు. ఆ కొలరాడోను 1922లో ఏడు రాష్ట్రముల ప్రతినిధులు పంచినప్పుడు, మంచి వానలు కురిసిన సంవత్సరముల లెక్కలు చూచుకొని, నదిలో లేని నీటినిగూడ కాగితముమీద పంచిపెట్టిరి. 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము ఆ నదికి మొట్టమొదటిసారి నీటికొరతను ప్రకటించి, మరుసటి ఏడు అరిజోనా వాటాలో 5,12,000 ఎకరపు అడుగులు కోసినప్పుడు మొదటి దెబ్బ తగిలినది పినాల్ కౌంటీలోని ప్రత్తి రైతునకు, పశుగ్రాసపు రైతునకు. కొలనులలో మట్టము వెండ్రుకవాసి తగ్గలేదు.

తగ్గదు, ఆ ఏర్పాటే అట్టిది. కొలను గట్టున మూతక్రింద, మన సంపులోని తేలుబంతి వంటిదొకటి దాగియుండి, నీరు దిగినకొలది కుళాయిని తానే తిప్పుకొని, మట్టము సరిపోగానే తానే కట్టుకొనును. తరుగుట ఎవరికంటను పడదు; బిల్లు సైతము బ్యాంకులోనుండి తనంతట తానే చెల్లిపోవును. అర్ఘ్యమిచ్చువానికి ఇచ్చుచున్నానన్న ఎరుకయే లేని నిష్కామకర్మ ఇది. ఇంతచేసియు ఆ ఏడాది అర్ఘ్యపు ఖరీదు, ఆ కుటుంబము రెండు మూడుసార్లు హోటలులో భోజనము చేసినంత కాదు. మోటారు కరెంటునకు, మందులకు, వారమువారము వచ్చి ఆకులు తీసిపోవువానికి అగు ఖర్చుముందు నీటి ధర దక్షిణతాంబూలములోని వక్కపలుకు.

కొలనుల పక్షమున వాదించువారు లేకపోలేదు. అంతే స్థలములో పచ్చిక పెంచినను ఇంచుమించు అంత నీరే త్రాగునందురు. రాష్ట్రపు నీటిలో నూటికి డెబ్బది పాళ్ళు సేద్యమునకే పోవుచుండ మా కొలనుమీద పడెదరేమందురు. రెండును నిజములే. అయినను గడ్డిని సాక్షిగా పిలుచుకొను ముద్దాయి కేసు ఎట్టిదో మా ఊరి ప్లీడరు గుమాస్తాకైనను తెలియును. లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీవారు మాత్రము 2022లో, ఇకమీదట ఇండ్లలో కట్టు కొలను 600 చదరపు అడుగులకు మించరాదని కఠినశాసనము చేసిరి. హైదరాబాదులో అదే 600 చదరపు అడుగులలో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఫ్రిజ్జు, దేవుని గూడు కాపురముందురు.

నేనుండగా ఒక నెల బిల్లు కొంచెము పెరిగినది. "మామా, ఎక్కడో లీకున్నట్టుంది" అని మేనల్లుడు కలవరపడి, ఆ తేలుబంతిని కట్టివేసి, ప్లాస్టిక్ బకెట్టులో కొలనునీరే నింపి, కొలను మెట్టుమీద సగము మునుగునట్లు నిలిపి, లోపలి మట్టము నొకచోట, వెలుపలి మట్టము నొకచోట టేపు అంటించి గుర్తుపెట్టెను. బకెట్టుకంటె కొలను ఎక్కువ దిగినచో చిల్లియున్నట్లు. రెండును సమముగా దిగినచో లేనట్లు. శాస్త్రము చక్కనిదే. రెండు దినముల పిమ్మట మేమిద్దరము గట్టున చతికిలబడి, కళ్ళజోళ్ళు సవరించుకొని చూచితిమి: రెండును ఒకే వ్రేలి మందమున దిగియున్నవి. "ఏం లేదు మామా, లీకు కాదు, ఉత్త ఎండే!" అని వాడు తేలికగా నిట్టూర్చి తేలుబంతి కట్లు విప్పెను. బకెట్టునీరు కుండీలోని కరివేపాకు మొక్కకు పోయబోగా క్లోరిను నీరు, మొక్క చచ్చునని కోడలు వారించినది. మరల కొలనులోనే పోసితిని.

నేనున్న రెండున్నర నెలలలో ఆ నీటిలో దిగినవి రెండు: ఒక బంతి, దానికొరకు మా మనుమడు.