ఫైల్ అలొకేషన్ రిపోర్టు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెయిన్‌ఫ్రేమ్‌కు పనులు చెప్పే జేసీఎల్ నేర్పడానికి అమీర్‌పేట ఉంది. కోబాల్‌కు చేతులు మారిన నోట్సులున్నాయి. ఫైల్ అలొకేషన్ రిపోర్టు మాత్రం గురుముఖంగా తప్ప దక్కని విద్య. ఆ గురువు రాత్రి షిఫ్టులో ఉంటాడు, శిష్యులు పగలు వస్తారు. సంప్రదాయం తెగిపోకూడదని ఈ వ్యాఖ్యకు పూనుకున్నాం.

గ్రంథకర్త ఎస్‌ఎంపీఈ. పూర్తి పేరు సిస్టమ్ మాడిఫికేషన్ ప్రోగ్రామ్ ఎక్స్‌టెండెడ్. జెడ్/ఓఎస్‌కూ దాని మీద నడిచే ఉత్పత్తులకూ ఐబీఎం పంపే పీటీఎఫ్ అనే దిద్దుబాట్లను లైబ్రరీల్లోకి ఎక్కించడం ఈ కర్త వృత్తి. రిసీవ్, అప్లై, అక్సెప్ట్ అని ఈయన గ్రంథంలో మూడు కాండలు. మన మూలం అప్లై కాండలోది. అప్లై ముగియగానే కర్త వరసగా రిపోర్టులు అచ్చువేస్తాడు. ఏ పీటీఎఫ్ ఎక్కిందో ఒకటి చెబుతుంది, ఏ మాడ్యూల్ మారిందో ఒకటి, ఎక్కనిది ఎందుకు ఎక్కలేదో ఇంకొకటి. ఇవన్నీ ఏ ఫైళ్ల మీద జరిగాయో చెప్పేది మనది. పాఠకులు ఇక్కడి దాకా రారు. రిటర్న్ కోడ్ సున్నా అని చూసి భోజనానికి లేస్తారు. న్యూజెర్సీలో ఆదివారం తెల్లవారుజామున మెయింటెనెన్స్‌కు గంట కేటాయిస్తే, హైదరాబాదులో అది సరిగ్గా బిర్యానీ వచ్చే వేళ.

సందర్భం

మెయిన్‌ఫ్రేమ్ నడుస్తుండగా దాని మీదే దిద్దుబాట్లు చేయరు. వ్యవస్థ కాపురముండే డిస్కు రెస్‌ఏ01 అనుకుందాం. దానికి అచ్చంగా ఇంకో ప్రతి తీసి రెస్‌బీ01 అని పేరు పెడతారు. ఎస్‌ఎంపీఈ దగ్గరుండే జాబితాను, అంటే టార్గెట్ జోన్‌ను, జోన్‌కాపీతో నకలు చేస్తారు. ఆ నకలులోని డిస్కు పేర్లను జోన్‌ఎడిట్‌తో రెస్‌బీ01గా మారుస్తారు. పీటీఎఫ్‌లు అక్కడ ఎక్కించి, వచ్చే వారం ఐపీఎల్ అనే పునఃప్రారంభంలో ఆ డిస్కు నుంచి వ్యవస్థను లేపుతారు. బాగాలేకపోతే మళ్లీ పాతదాని నుంచే లేపుతారు.

మూలం

లింక్‌లిబ్ . . . సిస్1.లింక్‌లిబ్ . . . రెస్‌బీ01
ఎల్‌పీఏలిబ్ . . . సిస్1.ఎల్‌పీఏలిబ్ . . . రెస్‌బీ01
మిగ్‌లిబ్ . . . సిస్1.మిగ్‌లిబ్ . . . రెస్‌ఏ01
న్యూక్లియస్ . . . సిస్1.న్యూక్లియస్ . . . రెస్‌బీ01

(మూలంలో గడులు ఇంకా ఉన్నాయి. వ్యాఖ్యకు అవసరమైన మూడే గ్రహించాం.)

ప్రతిపదార్థం

లింక్‌లిబ్ = డీడీనేమ్. ప్రోగ్రాము పిలుచుకునే పేరు. 8 అక్షరాలకు మించదు. 1964లో ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించింది. దాని కోసం వచ్చిన ఓఎస్/360 నాటి ఏర్పాటు ఇది: ప్రోగ్రాముకు ఈ పేరు తప్ప ఏమీ తెలియదు, అసలు ఫైలు ఏదన్నది నడిచే వేళ తేలుతుంది.

సిస్1.లింక్‌లిబ్ = డేటాసెట్ పేరు. 44 అక్షరాల దాకా సాగవచ్చు. ఇంత చోటిచ్చినా ఊరు చెప్పదు.

రెస్‌బీ01 = వాల్యూమ్, అంటే డిస్కు. 6 అక్షరాలకు మించదు. ఊరు ఇదే.

అన్వయం

తెలుగు పద్యానికి అన్వయం చివరినుంచి పట్టుకుంటే తేలిక. ఈ మూలానికీ అంతే. ఎడమనుంచి చదివితే నాలుగు పాదాలూ నిర్దుష్టం: పేర్లు సరే, డేటాసెట్లు సరే. కుడినుంచి చదివితే మూడో పాదంలో అంత్యప్రాసభంగం కనిపిస్తుంది. మూడు పాదాలు రెస్‌బీ01తో ముగిశాయి, మిగ్‌లిబ్ పాదం రెస్‌ఏ01తో ముగిసింది.

పాఠవిచారం

దీన్ని లేఖకదోషమని పూర్వవ్యాఖ్యాతలు కొట్టిపారేశారు. అచ్చువేసింది యంత్రం, లేఖకుడు లేడు, కాబట్టి దోషం మీద వేయడానికీ ఎవరూ లేరు. ఇంకొందరు ఇది ఆర్షప్రయోగమన్నారు, అంటే సీనియర్లు అలాగే వదిలేశారు కనుక మనమూ వదిలేయాలని. ఈ మతం ఆఫీసుల్లో బలంగా ఉన్నా శాస్త్రసమ్మతం కాదు.

శంక: జోన్‌ఎడిట్ చేశాక డిస్కు పేర్లన్నీ రెస్‌బీ01గా మారాయి కదా, మిగ్‌లిబ్ ఒక్కటి పాత చోటికి ఎలా పోయింది?

సమాధానం: జోన్‌ఎడిట్ మార్చేది జోన్‌లోని డీడీడెఫ్‌లను, అంటే ఏ డీడీనేమ్‌కు ఏ ఫైలు, ఏ డిస్కు అన్న నమోదులను. ఎస్‌ఎంపీఈ ఫైలు వెతికేటప్పుడు మొదట డీడీడెఫ్ చూడదు, జేసీఎల్‌లో డీడీ కార్డు ఉందా అని చూస్తుంది. ఉంటే దానిదే చెల్లుబాటు. లేకపోతేనే డీడీడెఫ్ వంతు. ఎన్నడో ఎవరో ఏదో అవసరానికి మిగ్‌లిబ్‌కు డీడీ కార్డు రాసి ఉంటారు. అవసరం తీరింది, కార్డు మిగిలింది. ఆ జాబ్‌నే అందరూ కాపీ చేసుకుంటూ వచ్చారు.

శంక: కార్డు ఉంటే ఉండనీ, అది రెస్‌ఏ01కే ఎందుకు పోవాలి? కార్డులో డిస్కు పేరు రాయలేదే!

సమాధానం: రాయకపోవడం వల్లనే. డిస్కు చెప్పకపోతే వ్యవస్థ కేటలాగును అడుగుతుంది. కేటలాగులో ఇలాంటి లైబ్రరీలకు డిస్కు పేరుండాల్సిన చోట ఆరు నక్షత్రాలు ఉంటాయి. ప్రస్తుతం వ్యవస్థ ఏ డిస్కు నుంచి లేచిందో అదే అని వాటి భావం. ఐపీఎల్ ఏ డిస్కుతో చేసినా కేటలాగు మార్చకుండా చెల్లాలని పెద్దలు చేసిన ఏర్పాటు అది. ప్రస్తుతం రాజ్యం రెస్‌ఏ01ది. కాబట్టి మౌనంగా ఉన్న కార్డు నేరుగా నడుస్తున్న డిస్కుకే దారి చూపింది.

శంక: నడుస్తున్న లైబ్రరీలో రాస్తుంటే వ్యవస్థ అడ్డుకోదా? ఫైలును షేర్‌తో కాక, ఒక్కరికే ఇమ్మనే ఓల్డ్‌తో అడిగి ఉంటే ఆగిపోయేది కదా?

సమాధానం: ప్రశ్న లోతైనది. షేర్ అంటే చదువుకోవడానికే అని ఒక అమాయక వ్యాఖ్య ప్రచారంలో ఉంది. షేర్ రాసేవాడిని ఆపదు. ఓల్డ్ ఆపుతుంది, కానీ ఆపవలసిన వాడితోపాటు ఆపకూడని వాడినీ ఆపుతుంది. తాళం పడేది డేటాసెట్ పేరు మీద. డిస్కు దానికి పట్టదు. లింక్‌లిస్టులోని, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే వరసలోని, లైబ్రరీల పేర్లను వ్యవస్థ ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. మిగ్‌లిబ్ ఆ వరసలోదే. రెస్‌బీ01 మీది నకలు పేరు కూడా సిస్1.మిగ్‌లిబే. ఓల్డ్ అడిగితే నిరపాయమైన నకలు కూడా చేతికి రాదు. అందుకని అందరూ షేరే రాస్తారు. ఆ క్షణంలో అడ్డుపడే ద్వారపాలకుడు లేడు. జరిగాక చెప్పే రిపోర్టు ఒక్కటే ఉంది.

అలంకార విచారం

ఒక పేరుకు రెండు ఆశ్రయాలు ఉన్నాయి గనుక ఇది శ్లేష అంటారు కొందరు. శ్లేషలో కవికి రెండర్థాలూ తెలిసే ఉంటాయి. ఇక్కడ కర్తకు ఒకటే తెలుసు, పాఠకుడికి రెండోది. పోలిక వల్ల ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం భ్రాంతిమదలంకారం. కాబట్టి అదే ఇక్కడ ప్రధానం.

రసం మొదట శాంతం. పీటీఎఫ్ నడుస్తున్న మిగ్‌లిబ్‌లో పడ్డ రోజున ఏమీ జరగదు. కొత్త మాడ్యూల్ లైబ్రరీ చివర ఖాళీలో చేరుతుంది, పాతది ఉన్నచోటే ఉంటుంది. లింక్‌లిస్టు లైబ్రరీల డైరెక్టరీని ఎల్‌ఎల్‌ఏ జ్ఞాపకంలో పెట్టుకుంటుంది గనుక, దాన్ని రిఫ్రెష్ చేసేదాకా వ్యవస్థ పాతదాన్నే ఎత్తుకుంటుంది. అప్లైలో లైబ్రరీ నిండిపోయి, రీట్రైకి అనుమతి ఉండి, ఎస్‌ఎంపీఈ దాన్ని కంప్రెస్ చేస్తే భయానకం. మాడ్యూళ్లు చోట్లు మారతాయి. ఎల్‌ఎల్‌ఏ పాత చిరునామాకు పోయి అక్కడ ఏది దొరికితే అది పట్టుకొస్తుంది. హాస్యం కూడా లేకపోలేదు: వ్యవస్థ కూలినప్పుడు డంపును విప్పి చదివే ఐపీసీఎస్ మాడ్యూళ్లు ఉండేది ఈ మిగ్‌లిబ్‌లోనే.

దోష పరిహారం

దోషం రెండు చోట్ల పడింది. నడుస్తున్న డిస్కులో ఉండకూడనిది ఉంది, ఉండవలసిన డిస్కులో లేదు. జోన్ మాత్రం ఎక్కింది అని రాసుకుంది. చిత్రగుప్తుడి చిట్టాలో పుణ్యం పడింది, పుణ్యం మాత్రం పక్కింటి వాడికి చేరింది. మళ్లీ అప్లై అంటే ఎస్‌ఎంపీఈ ఇదివరకే అయిందని తిప్పి పంపుతుంది.

పరిహారంలో క్రమం ముఖ్యం. మొదట జేసీఎల్‌లో ఆ డీడీ కార్డు తీసేయాలి. తరవాత రెస్‌బీ01 మీది మిగ్‌లిబ్‌ను తాకకముందే అందులోని మాడ్యూళ్లను రెస్‌ఏ01కు వెనక్కి కాపీ చేయాలి. ఇంకా పీటీఎఫ్ చేరలేదు గనుక అసలు పాత పాఠం అక్కడే భద్రంగా ఉంది. ఆ పీటీఎఫ్‌లను పేరు పేరునా ఎంచుకుని, ఎక్కినదాన్నే మళ్లీ ఎక్కించమనే రీడూతో అప్లై చేయడం చివరి పని. తొందరపడి రీడూ ముందు చేస్తే ఆ పాత పాఠం కూడా పోతుంది, ఇక బ్యాకప్ టేపుల వేట మొదలవుతుంది.

తాత్పర్యం

తప్పు చోటికి సరిగ్గా వెళ్లిన పని ఎస్‌ఎంపీఈ దృష్టిలో తప్పు కాదు. పీటీఎఫ్‌కు ముందు కావలసినవి వచ్చాయా, హోల్డులు తీరాయా అని అప్లైకి ముందు నడిపే చెక్ అడుగుతుంది. మనం ఏ డిస్కు ఉద్దేశించామో దానికి తెలియదు, తెలియనిది అడగదు. రిటర్న్ కోడ్ పని జరిగిందని చెబుతుంది. ఎక్కడ జరిగిందన్న మాట ఈ రిపోర్టులో ఉంది. ఎక్కడ జరగాలన్నది మన తలలో ఉంది. ఆ రెంటినీ కలిపి చూసేవాడు లేకపోతే ఈ మూలానికి అర్థం లేదు.

ఇది సున్నా రిటర్న్ కోడును నమ్మి చెడిన పూర్వులకు అంకితంబును, ఐపీఎల్‌కు మున్నే కుడినుండి ఎడమకు పఠనీయంబును నగు ఫైల్ అలొకేషన్ రిపోర్టు టీకయందు అప్లై కాండము సమాప్తము. అక్సెప్ట్ కాండ వ్యాఖ్య, నాలుగు పాదములును రెస్‌బీ01 మీదనే పడినవని తేలిన పిదప.