పాజ్ వీరుడు

ప్రతి ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు. అప్రూవల్ మెయిళ్ళు ఎక్కువయ్యాయని ఎవరైనా విసుక్కోవడమే ఆలస్యం, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్ తెరిచి, వాటిని తనంతట తానే పంపే ఫ్లోని ఆపేసి, "ఆఫ్ చేశానండీ, ఇక గొడవ లేదు" అని గ్రూపులో దణ్ణం ఎమోజీతో సహా ప్రకటిస్తాడు. ఫ్యాను కట్టేసి మళ్ళీ వేస్తే, మధ్యలో తిరగని చుట్లన్నీ లెక్కగట్టి తిరగదు కదా! లోకంలోని స్విచ్చులన్నీ ఆ జాతివేనని ఆయన నమ్మకం. పది రోజులకి ఆన్ చేస్తాడు. ఆగిన మెయిళ్ళన్నీ ఒక్కసారే వచ్చిపడి పై అధికారి ఫోను ఆగకుండా మోగుతుంది. "ఎవరో హ్యాక్ చేశారేమో సార్" అనే మాట మొదట వచ్చేదీ ఆయన నోటి నుంచే.

నిజానికి ఆయన ఆపింది పనివాణ్ణి, పనిని కాదు. ఊరెళ్తూ పేపరు వద్దని చెబితే, తిరిగొచ్చిన రోజున ఆనాటి పేపరొక్కటే వేసే కుర్రాడున్నాడు. పది రోజులవీ దాచి గుమ్మంలో కుప్ప పోసేవాడూ ఉన్నాడు. ఫ్లోలూ అంతే. కబురు అందితేనే లేచే వెబ్‌హుక్ రకం మొదటి కుర్రాడు. తానే వెళ్ళి "కొత్తవేమైనా వచ్చాయా?" అని అడిగి తెచ్చుకునే పోలింగ్ రకం రెండోవాడు, మీరు ఆపినా, ఎక్కడిదాకా చూశాడో గుర్తు చెరిపేసుకోడు. ఈ తేడా మైక్రోసాఫ్ట్ పత్రాల్లో ఉంది, పాతవి వద్దనుకుంటే ఫ్లోని తీసేసి మళ్ళీ కట్టుకోమన్న సలహాతో సహా. పనుల్ని వేళకి నడిపించే ఎయిర్‌ఫ్లో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఈ బకాయి వసూలుకి క్యాచప్ అని పేరే పెట్టారు. రెండో వెర్షన్‌లో మనం వద్దంటే తప్ప అది అమల్లోనే ఉండేది: రోజువారీ పనిని 30 రోజులు ఆపి వదిలితే ముప్పై సార్లూ నడిచేది. మూడో వెర్షన్‌లో ఆ అలవాటు మాన్పించారు.

"ఆఫ్ అంటే ఆఫే కావాలి, తప్పు తయారుచేసినవాళ్ళది" అని ఆయన తరఫు వకీళ్ళు అంటారు. సరే, ఆ పది రోజుల్లో వచ్చిన బిల్లులన్నీ గాలికి పోతే? "నా ఇన్వాయిస్ ఏది?" అని మొదట కేకలేసేదీ ఆయనే. బిల్లు ఆలస్యంగానైనా వెళ్ళాలి, పుట్టినరోజు శుభాకాంక్ష పది రోజుల తర్వాత వెళ్ళకూడదు. రెండూ యంత్రానికి ఒకటే వరుస. తేడా తెలిసింది ఫ్లో కట్టిన మనిషికి. అయితే, ఆన్ చేస్తే ఏమేం బయల్దేరతాయో ఆ బొత్తాం పక్కనే చెప్పొచ్చుగా అంటే మాత్రం కాదనలేం. కాకపోతే తెర మీద ఏ హెచ్చరిక వచ్చినా చదవకుండా ఓకే నొక్కే వేలు కూడా ఆయనదే.

ప్రస్తుతానికి, మెయిళ్ళ వరద చూసి కంగారుపడి, ఆయన ఆ ఫ్లోని మళ్ళీ ఆపేశాడు. సోమవారం ఆన్ చేస్తాడట.